ఉషారాణి బ్యాడ్జీ

ఏడు రోడ్ల కూడలిలో బస్సు దిగి
ఏ రోడ్డుతో మొదలెట్టాలో తెలియక
ముందు టీ తాగాను.
ఫైల్లో పద్నాలుగు జిరాక్సులు,
రెండేళ్ళ డిప్లొమా,
ఒక పాస్‌పోర్టు ఫోటో తక్కువ.

మొదటి స్కానింగ్ సెంటర్లో
"అనుభవం ఎన్నేళ్ళు?" అన్నారు.
ఉద్యోగమిస్తే వస్తుంది కదండీ అన్నాను.
నవ్వి, బయట కుర్చీలో కూర్చోమన్నారు.
సాయంత్రం గది తుడిచే ఆవిడ వచ్చి
కాళ్ళు ఎత్తమంది.

రెండోచోట పేరు దగ్గరే ఆగిపోయారు.
"తవిటమ్మా? ఇంకా పెడుతున్నారా ఇలాంటి పేర్లు?"
నాకు ముందు ఇద్దరు పుట్టి నిలవలేదనీ
నన్ను పొరుగింటికి తవుడుకి అమ్మి
మళ్ళీ కొనుక్కున్నారనీ
ఎవరికని చెప్పను?
అప్పట్లో నా ఖరీదు శేరు తవుడు.
ఇక్కడ నెలకి ఆరువేలు,
ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో.
శేరు తవుడే నయమనిపించింది.

మూడోచోట మగపిల్లలే కావాలి, రాత్రి డ్యూటీ.
నాలుగోచోట మిషనుంది, లైసెన్సు లేదు.
డాక్టరుగారు దుప్పటి ఎత్తి చూపించారు
చూడి నిలవని గేదెని చూపించినట్టు.
నరసన్నపేట. టెక్కలి. మళ్ళీ నరసన్నపేట.

కాలేజీలో మాకు నేర్పిన మొదటి మాట:
ఊపిరి పీల్చండి, బిగబట్టండి.
గట్టిగా చెప్పాలి, గోడవతలికి వినపడాలి.
వదలండి అనడం మాత్రం మరిచిపోకూడదు.
ఏడు నెలలు
నాకెవరూ వదలమని చెప్పలేదు.

చివరికి దొరికింది
డే అండ్ నైట్ కూడలి దగ్గర, నైట్ మాత్రమే.
తొమ్మిదివేలు. భోజనం నాదే. ఆదివారం అడగకూడదు.
సీనియర్ ఫాల్గుణరావు గారు సొరుగు లాగి
"పైల ఉషారాణి మొన్నే మానీసింది.
నీ బ్యాడ్జీ రావాలంటే మూడు నెల్లు.
అందాకా ఇదెట్టుకో" అన్నారు.
ఒంటి మీద పడిన కిరణాల లెక్క
రాసుకునే బిళ్ళ అది.
నా మీద పడేవన్నీ
ఇక ఉషారాణి ఖాతాలో జమ.
సీసపు ఏప్రాన్ జేబులో
ఆమె తలపిన్ను ఒకటి దొరికింది.
తీయలేదు, అక్కడే ఉంచాను.

హాజరు వేలిముద్రతో.
బొటనవేలు పెట్టాను. ఎర్రలైటు.
చున్నీకి తుడుచుకుని పెట్టాను. ఎర్రలైటు.
సెలవులన్నీ పలాసలో అమ్మ పక్కన
జీడిపిక్కలు కొట్టిన వేళ్ళివి,
జీడినూనె గీతలన్నీ తినేసింది.
అమ్మకి రేషను షాపులోనూ ఇదే.
పది వేళ్ళూ వరసగా పెట్టించి డీలరు
"నువ్వున్నావో నేవో మిషను సెప్పట్నేదు" అంటాడు.
నాకు రిజిస్టరు తెచ్చారు.
ఊరూ ఇంటిపేరూ కలిపి
మూడు గళ్ళకి సరిపడా సంతకం చేశాను.

పన్నెండు దాటాక ఎవరూ రారు.
ఫ్యాను, నేను, పనిచేస్తున్న మిషను.
నా చెయ్యొకటి తీసి చూసుకుందామా అనిపించింది,
ఒక మిషను లేదన్న వేలు
ఈ మిషనులో ఎలా ఉంటుందో అని.
చెయ్యి బల్ల మీద పెట్టాను కూడా.
ఆ మోతాదు ఎవరి ఖాతాలో పడుతుందో
గుర్తొచ్చి తీసేశాను.
ఎక్కడుందో ఆమె, ఎంత జీతానికి వెళ్ళిందో.

రెండింటికి ఒక లారీ క్లీనరు,
మందస కుర్రాడట,
లోడు మీంచి పడ్డాడు.
మీసం ఇంకా సరిగా రాలేదు.
"నొప్పెడతాదా అప్పా, ఈ ఫోటో?"
నొప్పెట్టదురా, కదలకు.
గడ్డం ఎత్తించి, భుజాలు ముందుకి నెట్టి,
గోడ వెనక్కి వచ్చి గట్టిగా అన్నాను:
ఊపిరి పీల్చు. బిగబట్టు.
నొక్కాను.

తెర మీద మెల్లగా తెల్లబడ్డాయి
పాకకి వాసాల్లా పక్కటెముకలు,
ఎడమ వైపు ఆరోది
సన్నగా చిట్లి.
మూలన తేదీ, టైము,
టెక్నీషియన్ అన్నచోట ఖాళీ.
అందులో నా పేరు కొట్టాను, ఒక్కొక్క అక్షరం,
తప్పు పడిందేమోనని మళ్ళీ చదువుకున్నాను.

గోడవతల నుంచి సన్నగా గొంతు:
"అప్పా,
ఇక ఒగ్గీమంటావా?"